మోకాలు ఎందుకు వంగింది?

మామయ్య ముప్ఫై నాలుగేళ్లు కృత్రిమ కాళ్లు, పోలియో కాలిపర్లు చేసి రిటైరయ్యారు. మేనకోడలు బయోమెకానిక్స్‌లో పరిశోధన చేస్తోంది. మనిషి నడకను కంప్యూటర్లో తిరిగి కట్టి చూడడం ఆమె పని. సంక్రాంతికి కాకినాడ వచ్చినప్పుడు వరండాలో ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద ఒక ఎముకల గూడు నడుస్తోంది. ఎముకలను పట్టుకుని తాళ్లలాంటి కండరాలు. పని చేస్తున్న కండరం ఎర్రగా మారుతుంది, విశ్రాంతిలో ఉన్నది నీలంగా ఉంటుంది. మామయ్య కళ్లజోడు సవరించుకుని కాసేపు చూశారు. వాదన అక్కడ మొదలైంది. ఇద్దరి మాటల్లోనూ మనకు పనికొచ్చే నిజం ఉంది కాబట్టి ఆ సంభాషణను ఇక్కడ పెడుతున్నాను.

మామయ్య: బాగానే నడుస్తోందమ్మా. కానీ దీనికి నొప్పి లేదు, భయం లేదు, వయసు లేదు. నా దగ్గరికి వచ్చిన మనిషి గుమ్మం దాటి బల్ల దగ్గరికి చేరేలోపే తేడా ఎక్కడుందో నాకు తెలిసేది. ఒక్కోసారి తలెత్తి చూడక్కర్లేదు, చెప్పుల చప్పుడు చాలు. పది అడుగుల్లో తేలే విషయానికి ఇంత కంప్యూటర్ ఎందుకు?

మేనకోడలు: ఆ పది అడుగుల్లో మీరు ఏం చూసేవారు మామయ్యా? ఒక్క మనిషి గురించి చెప్పండి.

మామయ్య: కొబ్బరికాయల కొట్టు నడిపే ఒకాయన ఉండేవాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడి తొడ ముందు కండరం చచ్చుపడింది. ఆ కాలు మోపినప్పుడల్లా కుడి అరచేతిని మోకాలికి జానెడు పైన ఆనించి, తొడను వెనక్కి నొక్కేవాడు. మోకాలు మడత పడకుండా ఆ చెయ్యే తాళం. పంచె మీద సరిగ్గా ఆ చోట నూలు అరిగి, గుడ్డ పలచబడి, అవతల చర్మం కనిపించేది. నేను ముందు ఆ పంచె చూశాను, తర్వాతే కాలు చూశాను. ఎవరూ నేర్పకుండా ఆయన శరీరమే ఆ ఉపాయం కనిపెట్టుకుంది. నీ ఎముకల గూటికి అది తెలుసా?

మేనకోడలు: తెలియదు. ఆ మాటకు మళ్లీ వస్తాను. మీరు చూసినది కదలిక. ఆ చెయ్యి ఎంత బలంతో నొక్కుతోంది, ఆ బలం లేకపోతే తుంటి ఎంత మోయాలి, మోకాలి లోపల మృదులాస్థి మీద ఎంత ఒత్తిడి పడుతోంది, ఇవేవీ పంచె చెప్పదు. కంటికి చలనం కనిపిస్తుంది, బలం కనిపించదు. నడకను చదివినవాళ్లంతా తడుముకున్నది అక్కడే. 1891లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో బ్రౌన్, ఫిషర్ అనే ఇద్దరు ఒక సైనికుడికి నల్లటి దుస్తులు తొడిగి, కాళ్లకూ చేతులకూ వెలిగే గాజు గొట్టాలు కట్టి, చీకట్లో నడిపించి నాలుగు కెమెరాలతో ఫొటోలు తీశారు. అతణ్ని సిద్ధం చెయ్యడానికే గంటలు పట్టింది. అతను నడిచింది కొన్ని అడుగులు. ఆ అడుగుల లెక్క తేల్చి అచ్చువెయ్యడం 1904 దాకా సాగింది.

మామయ్య: నాలుగు అడుగులకు పదమూడేళ్లా!

మేనకోడలు: లెక్కంతా చేత్తో చెయ్యాలి మరి. ఇప్పుడు ఒంటి మీద మెరిసే చిన్న బంతులు అతికిస్తాం, చుట్టూ కెమెరాలు ఉంటాయి, నేలలో బలాన్ని కొలిచే పలక ఉంటుంది. ఏ కీలు ఎంత వంగింది, నేల పాదాన్ని ఎంత బలంతో తోసింది అన్నవి వస్తాయి. ఆ రెండూ తెలిస్తే న్యూటన్ సూత్రాలతో ప్రతి కీలు దగ్గరా పనిచేసిన మొత్తం తిప్పుడు బలం కట్టొచ్చు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. మోకాలి దగ్గర వచ్చేది ఒక్క అంకె. దాన్ని పంచుకునే కండరాలు చాలా. పల్లకీ మొత్తం బరువు తెలుసు, ఏ బోయీ భుజం మీద ఎంత ఉందో తెలియదు. బతికున్న మనిషి కండరాలన్నిటికీ కొలత పరికరాలు కుట్టలేం కదా. అందుకే సిమ్యులేషన్.

మామయ్య: అంటే ఊహ అన్నమాట. ఏ బోయీ ఎంత మోస్తున్నాడో తెలియక నువ్వే పంచిపెడుతున్నావు.

మేనకోడలు: ఊహే, కానీ కట్టుబాటు ఉన్న ఊహ. ప్రతి కండరానికీ ఒక నియమం ఉంది. వేగంగా కుంచించుకుంటే దాని బలం తగ్గుతుంది. ఎంత వేగానికి ఎంత తగ్గుతుందో ఏ.వి. హిల్ 1938లో కప్ప తొడ కండరం మీద కొలిచి సూత్రం కట్టాడు. ఈ తెర మీది ప్రతి తాడూ ఇప్పటికీ ఆ సూత్రం దారిలోనే లాగుతుంది. ఏ కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుందో మృతదేహాల్లో కొలిచారు. ఇన్ని కట్టుబాట్లు పెట్టాక కూడా మిగిలిన స్వేచ్ఛకు ఒక ప్రశ్న వేస్తాం: శరీరం తక్కువ శ్రమతో ఈ పని చెయ్యాలంటే ఎలా పంచుకుంటుంది?

మామయ్య: శరీరం పొదుపరి అని ఎవరు చెప్పారు నీకు?

మేనకోడలు: మన అడుగే చెప్తుంది. ఆక్సిజన్ వాడకం కొలిస్తే, మరీ మెల్లగా నడిచినా మరీ వేగంగా నడిచినా కిలోమీటరుకయ్యే ఖర్చు పెరుగుతుంది. మధ్యలో ఒక వేగం దగ్గర అది అన్నిటికన్నా తక్కువ. గంటకు నాలుగున్నర నుంచి ఐదు కిలోమీటర్లు. ఏ తొందరా లేనప్పుడు మనుషులు నడిచేది ఇంచుమించు అదే వేగం. రాల్‌స్టన్ 1958లోనే ఇది చూపించాడు. ఇంకొకటి వినండి. కెన్యాలో ఆడవాళ్లు తమ బరువులో ఐదో వంతు దాకా నెత్తిన పెట్టుకున్నా, ఖాళీగా నడిచినప్పటి కంటే ఎక్కువ శక్తి ఖర్చు కాలేదని 1986లో నేచర్ పత్రికలో వచ్చింది. నడకలో మనిషి ఒంటికాలి మీద పైకి లేచి ముందుకు వాలుతాడు, తిరగేసిన లోలకంలాగ. లేచినప్పుడు దాచుకున్నది వాలినప్పుడు తిరిగి వాడుకుంటాడు. బరువు ఎత్తుకున్నప్పుడు ఆ ఆడవాళ్లు ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఇంకా నేర్పుగా చేస్తారని 1995లో తేలింది.

మామయ్య: నీళ్ల బిందె తొణక్కుండా గట్టు మీద నడిచే మనిషిని చూస్తే అది నేనూ ఒప్పుకుంటాను. కానీ వాళ్లు కంప్యూటర్ చూసి నేర్చుకోలేదుగా.

మేనకోడలు: లేదు. వాళ్లకు ఒంట్లో ఉన్న తెలివి మనకు లెక్కలో లేదు. అందుకే కట్టి చూడాలి. 1990లో కెనడాలో టాడ్ మెక్‌గీర్ మోటారు లేని, మెదడు లేని రెండు కాళ్ల యంత్రం చేశాడు. కొద్దిపాటి వాలులో వదిలితే దానంతట అదే నడిచింది. కాలు ఊగడంలో ఎంత భాగం కండరానిది, ఎంత భాగం బరువుదీ పొడవుదీ అన్నది దాన్ని చూశాక స్పష్టమైంది. 2001లో ఆండర్సన్, పాండీ మరో మెట్టు ఎక్కారు. 54 కండరాలున్న శరీరాన్ని కంప్యూటర్లో కట్టి, మీటరు దూరానికి అతి తక్కువ శక్తి వాడుతూ ముందుకు పొమ్మన్నారు. మధ్యలో ఏ క్షణాన కాలు ఎక్కడుండాలో చెప్పలేదు. వచ్చింది మన నడకకు చాలా దగ్గరగా ఉంది. ఆ ఒక్క అడుగు కోసం సూపర్ కంప్యూటర్లు వేల గంటలు లెక్క చేశాయి.

మామయ్య: నా దగ్గరికి వచ్చినవాళ్లకు పొదుపు గురించి ఆలోచించే తీరిక ఉండేది కాదమ్మా. కొత్త కాలు పెట్టుకున్న ముసలావిడ తడి బాత్‌రూం నాపరాయి మీద అడుగు వేస్తోంది. ఆవిడకు కావలసింది పడకపోవడం, ఆయాసం తగ్గడం కాదు. సాకెట్‌లో మొండి ఒరుసుకుంటున్న కుర్రాడు నొప్పి పడని అడుగు వెతుక్కుంటాడు, అది ఎంత వంకరగా ఉన్నా సరే. పెళ్లిచూపుల్లో కుంటు కనపడకూడదని నడుము బిగబట్టి నడిచిన అమ్మాయి కూడా నాకు తెలుసు. వీళ్లందరినీ ఒక్క పొదుపు సూత్రంలో ఎలా ఇరికిస్తావు?

మేనకోడలు: ఇరకదు. ఈ విషయంలో మీ మాటే ఒప్పు. ఇప్పుడు ఒక్క శక్తి ఖర్చే కాకుండా కండరాల శ్రమనూ మరికొన్నిటినీ కలిపి లెక్కిస్తున్నారు. అయినా భయాన్నీ నొప్పినీ సరిగా లెక్కలోకి తెచ్చామని నేను చెప్పను. అది మా పనిలో పెద్ద లోటు.

మామయ్య: ఒప్పుకున్నావు, సంతోషం. ఇప్పుడు రెండో మాట చెప్పు. నీ లెక్క తప్పితే నీకు ఎలా తెలుస్తుంది? నేను చేసిన కాలు తప్పితే మూడో రోజుకి మనిషి తిరిగొచ్చి బొబ్బలు చూపించేవాడు.

మేనకోడలు: మాకూ బొబ్బలు చూపించేవాళ్లు ఉన్నారు. మోకీలు మార్పిడి చేయించుకున్న కొద్దిమందికి, కృత్రిమ కీలు లోపలే బలాన్ని కొలిచే పరికరం పెట్టారు. వాళ్లు నడుస్తుంటే మోకాలి లోపలి బరువు బయటికి తెలుస్తుంది. మామూలు నడకలోనే అది శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్లు. అరవై కిలోల మనిషి మోకాలి మీద నూట ఇరవై నుంచి నూట ఎనభై కిలోల భారం. ఒంటి బరువు ఒక్కటే కాదు, నిలబెట్టడానికి లాగే కండరాలు కూడా కీలును నొక్కుతాయి. ఆ రోగుల నడక కొలతలు పరిశోధకులందరికీ ఇచ్చి, లోపలి బలం ఎంతో ముందు మీరు చెప్పండి, అసలు అంకె తర్వాత చూపిస్తాం అని పందెం పెట్టారు. 2012లో ఆ పందెం వివరాలు అచ్చయ్యాయి. చాలా లెక్కలు తప్పాయి. తప్పిన సంగతి దాచలేదు. ఎందుకు తప్పాయో వెతికి నమూనాలు మార్చుకున్నారు.

మామయ్య: అది పద్ధతి. తప్పును బయటపెట్టే పని మీద నాకు గౌరవం ఉంది. అయినా ఇదంతా పుస్తకాల్లో మాట. నా బల్ల ముందు నిలబడిన పిల్లాడికి ఏం చేసింది నీ లెక్క?

మేనకోడలు: సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొందరు పిల్లలు మోకాళ్లు వంచి, కుంగినట్టు నడుస్తారు చూడండి. వాళ్లను చూస్తే మీ కంటికి ఏం తోచేది?

మామయ్య: ఇంకేముంది, మోకాలి వెనక కండరాలు పొట్టిబడ్డాయి, అందుకే కాలు చాచలేకపోతున్నాడు అని. డాక్టర్లూ అదే అనేవారు. ఆ కండరాలను కోసి పొడవు చేసేవారు.

మేనకోడలు: ఆ పురికొస ఇలా ఇవ్వండి. మీరు లేచి నిలబడండి. ఒక కొస మీ చేత్తో పిరుదు కింద, కూర్చునే ఎముక దగ్గర పట్టుకోండి. రెండో కొస మోకాలి కింద, కాలి వెనక నేను పట్టుకుంటాను. తొడ వెనక కండరం దారి ఇదే, రెండు కీళ్లు దాటి వస్తుంది. ఇప్పుడు నిటారుగా ఉన్నారు, తాడు బిగువుగా ఉంది. మడమను వెనక్కి ఎత్తి మోకాలు ఒక్కటే వంచండి.

మామయ్య: వదులైంది.

మేనకోడలు: మోకాలు అలాగే ఉంచి, నడుము దగ్గర ముందుకు వంగండి. స్తంభం పట్టుకోండి, జాగ్రత్త.

మామయ్య: మళ్లీ బిగిసింది.

మేనకోడలు: ఆ పిల్లల నడక ఇదే. వాళ్లకు మోకాలితో పాటు తుంటి కూడా వంగి ఉంటుంది. మోకాలు వంగితే కండరం పొట్టిదవుతుంది, తుంటి వంగితే అదే కండరం సాగుతుంది. రెండూ కలిస్తే చివరికి ఏమైందో కంటితో తేల్చలేం. 1996లో స్కాట్ డెల్ప్, ఆలిసన్ ఆర్నాల్డ్, వాళ్ల సహచరులు అలాంటి పిల్లల నడకను కంప్యూటర్ నమూనాతో లెక్కకట్టారు. వాళ్లు చూసిన పిల్లల్లో 80 శాతం మందికి తొడ వెనక కండరం మామూలు పొడవులోనో, ఇంకా ఎక్కువ పొడవులోనో ఉంది. పొట్టిగా ఉన్నది తుంటిని ముందు నుంచి వంచే సోయాస్ కండరం. అది అందరిలోనూ పొట్టిగానే ఉంది.

(మామయ్య పురికొసను వేళ్లకు చుట్టుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు.)

మామయ్య: ఒక పిల్ల ఉండేదమ్మా. తొమ్మిదేళ్లది. మోకాలి వెనక ఆపరేషన్ చేశాక కాలు చాచగలిగింది, ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఏడాది తిరిగేసరికి నడుము ముందుకు వాలిపోయింది, మోకాలు వెనక్కి విల్లులా వంగడం మొదలైంది. దాన్ని ఆపడానికి నేను రెండు సార్లు కాలిపర్ మార్చి చేశాను. నా పట్టీలోనే లోపం ఉందని ఎన్నాళ్లో అనుకున్నాను. పొడవున్న కండరాన్నే ఇంకా పొడవు చేశారేమో అన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు.

మేనకోడలు: ఆ పాప విషయంలో ఏం జరిగిందో కొలవకుండా నేనూ చెప్పలేను మామయ్యా. అవసరం లేని చోట ఆ కండరాన్ని పొడవు చేస్తే నడుము ముందుకు వాలడం, మోకాలు వెనక్కి పోవడం జరుగుతాయని మాత్రం వైద్యులకు తెలుసు. కత్తి పెట్టాక వెనక్కి తీసుకోలేం. కంప్యూటర్లో అయితే అదే కండరాన్ని పదిసార్లు పొడవు చేసి పదిసార్లు వెనక్కి తేవచ్చు. నేను ఈ పనిలోకి వచ్చింది అందుకే.

మామయ్య: సరే, ఈ ఒక్కదానికి నీకు నేను తలవంచుతాను. ఇప్పుడు నా మూడో మాట విను. ఈ నమూనాలోని ఎముకలు ఎవరివి?

మేనకోడలు: 2016 నుంచి ఎక్కువగా వాడుతున్న నమూనా ఒకటుంది. దాని కండరాల కొలతలు 21 మృతదేహాల నుంచి, ఆరోగ్యంగా ఉన్న 24 మంది యువతీయువకుల ఎమ్మారై చిత్రాల నుంచి వచ్చాయి. అమెరికాలో తీసిన కొలతలు.

మామయ్య: వాళ్లు కుర్చీలో కూర్చునేవాళ్లు, బూట్లు వేసుకునేవాళ్లు. నేను జైపూర్‌లో పని నేర్చుకున్నప్పుడు మొదటి రోజే ఈ పాఠం చెప్పారు. 1960లలో విదేశీ పద్ధతి కాలు పెట్టిన రైతులు దాన్ని ఇంట్లో పడేసి మళ్లీ కర్రలు పట్టుకునేవారు. బూటు లేకుండా దానికి బతుకు లేదు. దానితో గొంతుక్కూర్చోలేరు, బాసింపట్టు వేసుకోలేరు, బురద పొలంలో దిగలేరు. డాక్టర్ పి.కె. సేథీ, పెద్ద చదువు లేని శిల్పి రామచంద్ర శర్మ కలిసి రబ్బరుతో అన్ని వైపులా వంగే పాదం చేశారు, ఉత్త కాలితో నడవడానికి. నర్తకి సుధా చంద్రన్ ఆ కాలితోనే మళ్లీ నాట్యం చేసింది. ‘మయూరి’ సినిమాలో తన కథలో తనే నటిస్తే తెలుగువాళ్లంతా చూశారు. అక్కడ కంప్యూటర్ లేదు, పాదం ఎక్కడ నడుస్తుందో తెలిసిన మనుషులు ఉన్నారు.

మేనకోడలు: దీనికి నా దగ్గర ఎదురు జవాబు లేదు. మీరన్నదానికి ఇంకొకటి కలుపుతాను. గొంతుక్కూర్చుంటే మోకాలు 150 డిగ్రీల దాకా వంగుతుంది. చాలాకాలం వాడిన నమూనాల్లో అది 100, 120 డిగ్రీల దగ్గర ఆగిపోయేది. అవతల కండరాల దారి తప్పిపోయేది. ఆ శరీరాలకు ఆ భంగిమ రోజువారీ అవసరం కాదు కాబట్టి ఎవరూ ముందు పట్టించుకోలేదు. అయితే మామయ్యా, ఆ తప్పు లెక్కది కాదు, కొలతలు ఎవరివి తీసుకున్నామన్నదానిది. స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఓపెన్‌సిమ్ అనే ఈ ప్రోగ్రామును 2007లో ఉచితంగా అందరికీ ఇచ్చారు. మన శరీరాల కొలతలు మనం పెట్టుకుంటే ఆపేవాళ్లు లేరు.

మామయ్య: వేల గంటల సూపర్ కంప్యూటర్ జిల్లా ఆసుపత్రికి ఎవరు తెస్తారు?

మేనకోడలు: ఆ రోజులు పోయాయి. బెల్జియంలోని లూవెన్‌లో ఫాలిస్, సహచరులు 2019లో 92 కండరాల పూర్తి శరీరాన్ని సగటున 36 నిమిషాల లెక్కతో నడిపించారు. దాని కండరాలు బలహీనపరిచి చూశారు, కృత్రిమ కాలు తగిలించి చూశారు. ఎలా కుంటాలో ఎవరూ చెప్పకుండానే నడక మారింది. కొలవడానికి గదినిండా కెమెరాలు కూడా అక్కర్లేకుండా, రెండు మూడు ఫోన్లతో వీడియో తీసి లెక్క కట్టే ఓపెన్‌క్యాప్ వచ్చింది.

మామయ్య: తొడ కండరం బలహీనపరిస్తే అది చెయ్యి తొడ మీద ఆనిస్తుందా?

మేనకోడలు: ఆనించదు. ఆ లెక్కలో నేలను తాకేది పాదం ఒక్కటే. చెయ్యి తొడను తాకగలదని దానికి ఎవరూ చెప్పలేదు.

మామయ్య: అదీ సంగతి. మా కొబ్బరికాయల ఆయనను ఎవరూ దానికి చూపించలేదు. నువ్వు చూపించు. ఆ చెయ్యిని అందులో పెట్టు. పొలం గట్టు పెట్టు, గొంతుక్కూర్చోవడం పెట్టు. ఇంకొక షరతు. ఏ గ్రాఫు తెరిచేముందైనా మనిషిని నీ కళ్ల ముందు పది అడుగులు నడిపించు, పంచె ఎక్కడ అరిగిందో చూడు.

మేనకోడలు: చూస్తాను. మీరు కూడా నాతో ఒక మాటకు కట్టుబడాలి. మీ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఉన్నారు. వంగిన మోకాలు చూడగానే వెనక కండరం పొట్టిదని చెప్పొద్దనండి.

మామయ్య: చెప్తాను. వాళ్లకే కాదు, బిడ్డను ఎత్తుకుని వచ్చే తల్లిదండ్రులకూ చెప్తాను. అమ్మా, నాయనా, డాక్టరుగారి మీద నమ్మకం ఉంచండి. కానీ మోకాలి వెనక కోతకు సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగండి: మా పిల్లాడి నడకను కొలిచారా, ఆ కండరం నిజంగా పొట్టిదేనని ఎలా తేల్చారు? ముప్ఫై నాలుగేళ్లలో ఆ ప్రశ్న నేను అడగలేదు. మీరు అడగండి.